ఇనప బామ్మర్ది

బయన్న చేతులకి ఆ నల్ల తొడుగులు తొడగడానికి హైదరాబాదు ల్యాబులో పదకొండు మంది చదువుకున్నవాళ్ళు కావాల్సి వచ్చింది. ఒకడు వేలు పట్టుకుంటే ఇంకొకడు తీగ తగిలించాడు, మూడోవాడు కంప్యూటర్లో చూసి "కుడి బొటనవేలు రావట్లేదు" అని గావుకేక పెట్టాడు. బొటనవేలు ఎక్కడికీ పోలేదు. నలభై ఏళ్ళుగా ఉన్నచోటే ఉంది. బయన్నకి నవ్వొచ్చింది గానీ, తనకి కప్పడానికి తెచ్చిన శాలువా ఎదురుగా కుర్చీ మీద కనబడుతుంటే నవ్వడం మర్యాద కాదని ఊరుకున్నాడు.

అతనిది నల్లమలలో ఎర్రగుండం పెంట. ముప్పై గుడిసెల చెంచు గూడెం. ఎండాకాలం వస్తే అక్కడి మగవాళ్ళు నడుముకి తాడు కట్టుకుని, కొండ అంచు నుంచి లోయలోకి దిగి, రాతికి వేలాడే పెద్ద తేనెతెట్టెలు కోసుకొస్తారు. కింద వేలాడేవాడి ప్రాణం పైన తాడు పట్టినవాడి చేతుల్లో ఉంటుంది. తాడు పట్టడంలో బయన్నని మించినవాడు చుట్టుపక్కల తొమ్మిది పెంటల్లోనూ లేడు. ఆ మాట అతనికి తెలుసు. కొంచెం ఎక్కువే తెలుసు.

ఏడాదికి ఒకరో ఇద్దరో జారిపడి చచ్చిపోయే మాట నిజమే. అందుకే చెంచు సురక్షా మిషన్ అని ఒకటి పుట్టింది. దానికి చక్రధరరావు అనే డైరెక్టరు వచ్చాడు. చెంచుల ప్రాణాలు కాపాడమని ఆయనకి పైనుంచి ఉత్తర్వు. కాపాడే ముందు వాళ్ళనొక మాట అడగమని మాత్రం ఆ ఉత్తర్వులో ఎక్కడా లేదు. పాపం, లేనిది ఆయన ఎలా చేస్తాడు?

ఇంజనీరు మైథిలి చిన్నపిల్ల, ముప్పై దాటి ఉండదు. "మీ చెయ్యి ఎప్పుడు బిగుస్తుందో, ఎప్పుడు వదులవుతుందో ఈ తొడుగులు రాసుకుంటాయండీ. అదంతా మేం తయారుచేసే మిషనుకి నేర్పిస్తాం. తర్వాత అదే మీలాగా తాడు పట్టుకుంటుంది" అని చెప్పింది.

తాడు అటు కొసన ఇసక మూట కట్టి ఉంది. బయన్న దాన్ని చూసి మొహం చిట్లించాడు.

"మూటకి తాడు పట్టుడేంది మేడమ్? ఆ మూట మా అక్కని చేసుకున్నదా?"

పదకొండు మందీ పగలబడి నవ్వారు. అడవి మనిషి భలే హాస్యం చేశాడని వాళ్ళ సంబరం. మైథిలి ఒక్కతే నవ్వకుండా "అంటే?" అంది. బయన్న నోరు తెరిచేలోపు చక్రధరరావు గడియారం చూసుకుని, "సరే, కొండ దగ్గరే చేద్దాం. అసలు మనిషినే దింపుదాం" అన్నాడు. అలా ఆ "అంటే" అక్కడే ఆగిపోయింది.

అసలు మనిషి అంటే పెద్దులు. బయన్న అక్క ఈదమ్మ మొగుడు. చెంచుల్లో తేనెకి దిగేవాడికి సొంత అన్నదమ్ముడు తాడు పట్టడు. పెళ్ళాం తోడబుట్టినవాడే పట్టాలి. తాడు వదిలితే తన అక్కో చెల్లెలో ముండమోస్తుంది కాబట్టి బామ్మర్ది చచ్చినా వదలడు. ఇంతవరకూ మిషన్ వాళ్ళ పుస్తకంలో కూడా ఉంది, రంగుల బొమ్మతో సహా. మిగతా సగం ఎవడూ రాసుకోలేదు. ఎందుకంటే అది మగవాళ్ళు పైకి చెప్పుకునేది కాదు, ఆడవాళ్ళని అడగాలని ఏ సర్వేవాడికీ తోచలేదు.

ఆ మిగతా సగం కొండ మీద జరిగింది. బయన్న తొడుగులు వేసుకుని, కాలు బండకి తన్నిపెట్టి తాడు వదులుతూ పోయాడు. పెద్దులు తేనెటీగల్ని తరిమే పొగ బుట్టతో సగం దూరం దిగాడు. అక్కడ బయన్న తాడు బిగించి ఆపేశాడు. వెనకాల ఆఫీసర్లు ఫొటోలు తీసుకుంటున్నారు. బయన్న అంచుకి వంగి, వాళ్ళకి వినపడకుండా కిందికి అడిగాడు.

"బావా, మొన్న అక్క చెంప ఎందుకు వాచింది?"

"జారిపడ్డదిరా!"

బయన్న తాడుని ఒక్క ఊపు ఊపాడు. పెద్దులు రాతికి తగిలి గిర్రున తిరిగాడు. కిందికి చూస్తే అంత లోతున చెట్లు గడ్డిలాగా కనబడతాయి.

"ఎట్ల జారింది?"

"కొట్టిన! కొట్టినరా నాయనా! కల్లు తాగి కొట్టిన!"

"మళ్ళ కొడతవా?"

"కొట్ట! మైసమ్మ మీద ఒట్టు!"

బయన్న తాడు వదులు చేశాడు. అంతే సంగతి. ఎర్రగుండంలో తాతల నాటినుంచి ఇదే పంచాయితీ, ఇదే తీర్పు. ఆ ఒట్టు నిలబడేది దేవతకి భయపడి కాదు. వచ్చే ఏడూ అదే తాడు కట్టుకోవాలి, అదే చెయ్యి పట్టాలి. అందుకని పెద్దులు ఆ ఏడంతా ఈదమ్మ జోలికి పోలేదు.

సాయంత్రం టెంటులో మైథిలి కంప్యూటర్ మీద గీతలు చూస్తోంది. నున్నగా పోతున్న గీత మధ్యలో ఒకచోట పిచ్చిపట్టినట్టు ఎగిరెగిరి పడింది.

"ఈ వణుకేంటి?" అన్నాడు చక్రధరరావు.

"తెలీదు సార్. చెయ్యి అలిసిపోయిందేమో."

"తీసెయ్. మన మిషను వణక్కూడదు."

మైథిలి తీసేసింది. పక్కనే టీ తాగుతున్న బయన్నకి ఒళ్ళు మండింది. "నా చెయ్యి వణకదు సారూ!" అన్నాడు. "సరేలేవయ్యా, వయసు ఎవరికైనా వస్తుంది" అని చక్రధరరావు భుజం తట్టాడు. అది వణుకు కాదు, అది ఫలానా అని అప్పుడు చెప్పొచ్చు. కానీ అక్క సంసారం గుట్టు పరాయివాళ్ళ ముందు, కెమెరా ముందు ఏ తమ్ముడు విప్పుతాడు? మర్నాడు శాలువా కప్పించుకుని, ఫొటోలో ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. అదీ అతను చేసిన ఘనకార్యం.

మిషను మరుసటి ఎండాకాలానికి వచ్చింది. నాలుగు ఇనప కాళ్ళు, మధ్యలో చక్రం, ముందుకి చాచిన రెండు రబ్బరు చేతులు. పెంటవాళ్ళు మొదటిరోజే దానికి ఇనప బామ్మర్ది అని పేరు పెట్టారు. ఆ ఏడాది తొమ్మిది పెంటల్లో ఒక్కడంటే ఒక్కడు పడలేదు. ఉన్న మాట దాచడమెందుకు, అది గొప్ప సంగతే. తొడుగుల్లో రాసుకున్నట్టే అది ఎక్కడ బిగించాలో అక్కడ బిగించింది, ఎక్కడ వదలాలో అక్కడ వదిలింది. బయన్న చాటుగా చూసి, తన చేతుల్ని తనే గుర్తుపట్టి మురిసిపోయాడు కూడా.

వానలు పడేసరికి ఆ మురిపెం తీరింది. ఇంతకుముందు మొదటి తెట్టె తెగ్గానే పెద్దులు దాన్ని ఆకులో చుట్టుకుని బామ్మర్ది గుడిసెకి వచ్చేవాడు. "తిను బామ్మర్దీ, నువ్వు బలంగుంటెనే నేనుంట" అని వెక్కిరిస్తూ పెట్టేవాడు. ఆ ఏడు రాలేదు. ఎదురుపడితే పలకరించలేదు. పెద్దులొక్కడే కాదు, పెంటలో ఏ మొగుడూ ఏ బామ్మర్దినీ పిలిచి ఇంత గంజి పోసిన పాపాన పోలేదు. అవసరం తీరిపోయింది కదా, ఇంకెందుకు?

తర్వాత దెబ్బల చప్పుడు మొదలైంది. ముందు ఒక గుడిసెలో, తర్వాత నాలుగు గుడిసెల్లో. కొట్టే మొగుళ్ళు కొత్తగా పుట్టుకు రాలేదు. వాళ్ళే. ఇన్నాళ్ళూ వాళ్ళని తాడు కొసన కట్టేసి ఉంచారు, ఇప్పుడు విప్పేశారు.

ఒకరోజు పొద్దున ఈదమ్మ ఎడమ చెయ్యి గుడ్డతో మెడకి కట్టుకుని తమ్ముడి గడపలోకి వచ్చింది. ఎముక విరిగింది. బయన్న గొడ్డలి అందుకున్నాడు.

"గొడ్డలెందుకురా? నువ్వు జైలుకి పోతే నాకు కూడెవరు పెడతరు?" అంది ఈదమ్మ విసుగ్గా.

గొడ్డలి పడేసి ఉత్త చేతులతో పోయాడు. పెద్దులు గుడిసె ముందు పడుకుని ఉన్నాడు. లేవలేదు కూడా.

"అక్క మీద ఇంకోసారి చెయ్యేస్తే బాగుండదు బావా."

"ఏం చేస్తవ్? తాడు గుంజుతవా?" పెద్దులు పళ్ళు బయటపెట్టి నవ్వాడు. "గుంజు పో. ఆ ఇనప బామ్మర్దికి నా పెళ్ళాం ఎవరో తెల్వది, దాని చెంప ఎందుకు వాచిందో తెల్వది. నాకు అదే మంచిగుంది."

పెంట పెద్ద దగ్గరికి పోతే ఆయన చెవి గోక్కున్నాడు. ఇలాంటి తగువు వస్తే ఆయన ఇన్నేళ్ళూ ఒకే మాట అనేవాడు, 'దీని తమ్ముడెవడు, వాన్ని పిలువండి' అని. ఇప్పుడు తమ్ముడే ఎదురుగా వచ్చి నిలబడితే ఏమనాలో పాపం ఆయనకి తోచలేదు.

"అక్కా, నా దగ్గర్నే ఉండిపో" అన్నాడు బయన్న.

"ఎందుకుండాలె? ఆ గుడిసె గోడలు అల్లింది నేను. అరుగు అలికింది నేను. కొట్టినోడు లోపల పండుకుంటే కొట్టించుకున్న దాన్ని నేను బయటికి పోవాల్నా? నా ఇంట్ల నేను దెబ్బ పడకుండ బతకాలె. చాతనైతే అది చెయ్యి."

అది చెయ్యడానికే బయన్న మిషన్ ఆఫీసుకి పోయాడు. రెండు బస్సులు మారి, మూడు గంటలు బెంచీ మీద కూర్చున్నాడు. చక్రధరరావు గోడ మీద పెద్ద అక్షరాలతో 'మరణాలు: సున్నా' అని రాయించుకున్నాడు. బయన్న సిగ్గు చంపుకుని అంతా చెప్పాడు. తాడు ఆపడం, ఊపడం, ఒట్టు పెట్టించడం. డైరెక్టరు శ్రద్ధగానే విన్నాడు. మధ్యలో రెండుసార్లు ఫోను మాట్లాడాడు.

"అంటే, మనిషిని లోయలో వేలాడదీసి బెదిరిస్తారా? అయ్యబాబోయ్! ఎంత అనాగరికం! చూశావా, ఆ మూఢాచారం కూడా మా మిషనుతోనే పోయింది."

"మా అక్క చెయ్యి ఇరిగింది సారూ."

"అది గృహ హింస బయన్నా. మా పరిధి తేనె వరకే. దానికి వేరే శాఖ ఉంది." అని ఒక రంగుల కాగితం ఇచ్చాడు. దాని మీద భార్యాభర్తలు నవ్వుతూ నిలబడిన బొమ్మ ఉంది. మగవాడు ప్యాంటు వేసుకున్నాడు. బయన్న బస్సులో ఆ కాగితంతో సీటు తుడుచుకుని కూర్చున్నాడు.

ఏడాది తిరిగేసరికి లెక్కలు చక్రధరరావు మీదికే వచ్చాయి. తొమ్మిది పెంటల నుంచి నలభై రెండు మంది ఆడవాళ్ళు ఎముకలు విరిగి ఆసుపత్రికి వచ్చారని ఎవరో పేపర్లో రాశారు. మిషనుతో పాటే ఎందుకు మొదలైందని అడిగారు. వెతికింది మైథిలి. మిగతా పెంటల్లోనూ తాడు పట్టినవాళ్ళకి అప్పట్లో తొడుగులు వేసి రాసుకున్న గీతలన్నీ బయటికి తీస్తే, తొమ్మిదింట్లోనూ అదే ఎగురుడు ఉంది. తొమ్మిది మందికీ చేతులు అలిసిపోవు కదా.

ఆ అమ్మాయి పెంటకి వచ్చి ఈదమ్మ అరుగు మీద కూర్చుంది. "దాన్ని తీసేసింది నేనే" అంది తల వంచుకుని. "ఏంటో తెలుసుకోకుండా చెత్త అనుకున్నాను. నా బుద్ధి తక్కువ. మిషన్లు వెనక్కి తీసుకుందామని సార్‌కి చెప్పాను."

"ఏమన్నడు?" అంది ఈదమ్మ.

"ఊపడం కూడా మిషనుకే నేర్పిద్దాం అన్నారు."

ఈదమ్మ నవ్వింది. మైథిలికి ఆ నవ్వు చూడబుద్ధి కాలేదు.

నేర్పించాలంటే మళ్ళీ తొడుగులు కావాలి, మళ్ళీ బయన్న కావాలి, కొసన ఒక మనిషి కావాలి. పెద్దులుని అడిగితే చేతులు జోడించి అడవిలోకి పారిపోయాడు. పెంటలో మిగతా మగవాళ్ళకి ఆరోజే ఎక్కడలేని పనులన్నీ పడ్డాయి. టీవీవాళ్ళు కెమెరాలు పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. చక్రధరరావుకి పౌరుషం వచ్చింది. ఎర్ర టోపీ పెట్టుకుని, నడుముకి బెల్టు బిగించుకుని, "బామ్మర్దీ, నేనే నీ బావని అనుకో!" అని కెమెరా వైపు తిరిగి నవ్వాడు. అలా నవ్వుతూనే అంచు దాటి దిగాడు.

తొడుగులు వేసుకున్న బయన్న సగం దూరం దాకా వదిలి ఆపాడు. ఊపాడు.

"బ్రహ్మాండం!" అని కింద నుంచి వినిపించింది.

రెండోసారి ఊపాడు. ఈసారి మణికట్టు తిప్పి ఊపాడు. ఎర్ర టోపీ ఊడి లోయలోకి పోయింది. అది నేలకి తగిలిన చప్పుడు ఎంతకీ రాలేదు.

"చాలు! చాలు, లాగు!"

"మిషను తీసుకపోతవా సారూ?"

"ఏంటీ?"

మూడో ఊపు. "మా పెంటల్నుంచి ఇనప బామ్మర్దిని తీసుకపోతవా?"

"తీసుకెళ్తా! తీసుకెళ్తానయ్యా! లాగు!"

"ఎవరి మీద ఒట్టు?"

"మా అమ్మ మీద! మా అమ్మ మీద ఒట్టు, బాబ్బాబు, నీకు దండం పెడతా!"

బయన్న కడుపు నిండింది. ఏడాది తర్వాత మొదటిసారి తన చేతులు పనికొచ్చాయనుకున్నాడు. గబగబా లాగి డైరెక్టరుని బండ మీదికి చేర్చాడు. ఆయన నాలుగు కాళ్ళ మీద పాకి, నీళ్ళు తాగి, మొహం తుడుచుకున్నాడు. ఆయన అడిగిన మొదటి మాట, "మైథిలీ, వచ్చిందా?"

"వచ్చింది సార్" అంది మైథిలి. "చాలా స్పష్టంగా."

"శెభాష్ బయన్నా! ఎంత సహజంగా చేశావయ్యా!"

"మిషను ఎప్పుడు తీసుకపోతరు సారూ?"

చక్రధరరావు అతని వంక జాలిగా చూశాడు. "అదంతా ప్రయోగంలో భాగం కదయ్యా."

జీపులు దుమ్ము లేపుకుంటూ పోయాయి. బయన్న తొడుగులు లేని చేతులు ఒళ్ళో పెట్టుకుని బండ మీదే కూర్చున్నాడు. ఈదమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"అమ్మ మీద ఒట్టు పెట్టిండే" అన్నాడు.

"పెడతడు. ఎందుకు పెట్టడు? వచ్చే ఏడు ఆయన మళ్ళ తాడు కట్టుకోవాల్నా? మళ్ళ నీ చేతికి రావాల్నా? నీ బావ అంటే వస్తుండె, అందుకని నీకు భయపడుతుండె. ఈ సారు జన్మల రాడు." జీపులు పోయిన దారి వంక చూసింది. "అయినా మీ మగోళ్ళంతా అంతే. ఇన్నేండ్లు నన్ను కొట్టాల్నా వద్దా అని నువ్వూ నీ బావా కొండ మీద మాట్లాడుకుంటిరి. నేనింట్ల కూసొని పొయ్యి ఊదుకుంట ఉంటి. ఒక్కనాడన్న నన్ను కొండకి రమ్మన్నవా?"

ఆడవాళ్ళు తాడు దగ్గరికి రాకూడదు. ఎందుకు రాకూడదో అతను ఎప్పుడూ అడగలేదు.

కొత్త మిషను వచ్చే ఎండాకాలానికి దిగింది. ఇప్పుడు దానికి మాట కూడా వచ్చు. ఏ ఆడదైనా మిషన్ ఆఫీసు నంబరుకి ఫోను చేసి మొగుడి మీద చెప్పుకుంటే, వాడు దిగినప్పుడు ఇనప బామ్మర్ది ఆపి, పన్నెండు సెకన్లు ఊపుతుంది. పన్నెండంటే పన్నెండే. ఎక్కువైతే మానవ హక్కుల గొడవట. ఇంకొకటి కూడా పెట్టారు. చక్రధరరావు దగ్గరుండి పెట్టించాడు. ఏ మనిషి చెయ్యి తాడుకి తగిలినా మిషను బిగుసుకుపోవాలి, చెయ్యి తీసేదాకా కదలకూడదు. బయన్న లాంటివాడు మళ్ళీ ఎవరినీ ఊపకుండా ఆయన తీసుకున్న జాగ్రత్త అది. మిషను నిలబెట్టడానికి వచ్చినవాళ్ళు పెంటంతా కూర్చోబెట్టి మూడుసార్లు చెప్పారు, తాడు ముట్టుకోవద్దు, ముట్టుకుంటే ఆగిపోతుంది అని. ఆడవాళ్ళు కూడా విన్నారు.

ఈదమ్మ ఫోను చేసింది. చేసినందుకు పెద్దులు ముందురోజే రెండు తగిలించాడు. తర్వాత నిక్షేపంగా తాడు కట్టుకుని దిగాడు. సగం దూరంలో మిషను ఆగింది, ఊపింది. పెద్దులు బీడీ వెలిగించుకుని గట్టిగా లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. పన్నెండు కాగానే "అయిపోయిందా ఇనప బామ్మర్దీ? ఇగ దింపు" అన్నాడు. పైన ఉన్న మగవాళ్ళు కూడా నవ్వారు. మిషను మర్యాదగా దింపడం మొదలుపెట్టింది.

అప్పుడు ఈదమ్మ మగవాళ్ళ మధ్య నుంచి నడిచి వచ్చింది. "ఓ అక్కా, ఆడదానివి, అటు పోకు!" అని ఎవరో అరిచారు. బయన్న చెయ్యి చాచి, చాచిన చెయ్యి మళ్ళీ దించేశాడు. ఈదమ్మ సరిగ్గా అతుక్కోని ఎడమ చేత్తో తాడు పట్టుకుంది.

మిషను ఠక్కున ఆగింది. "దయచేసి తాడును వదలండి" అంది తియ్యగా.

ఈదమ్మ వదల్లేదు. కింద తాడు మెల్లగా తిరగడం మొదలైంది. పొగ బుట్ట ఆరిపోతోంది, రాతి మీద తేనెటీగలు కదులుతున్నాయి.

"ఏందిరా బామ్మర్దీ?" పెద్దులు గొంతు పైకొచ్చింది. "పన్నెండు ఎప్పుడో అయిపాయె!"

తాడు ఇంకో చుట్టు తిరిగింది.

"తాడు పట్టిందెవరురా? నువ్వేనా?"

బయన్న అంచుకి వంగాడు. "నేను కాదు బావా. అక్క."

బీడీ నిప్పు ఒకటి జారి లోయలోకి పోయింది. బయన్న గొంతు తగ్గించి, "ఒట్టు పెట్టించమంటవా అక్కా?" అని అడిగాడు.

"ఒట్లు మీరే ఉంచుకోండి" అంది ఈదమ్మ. "నేనేం అడగ. ఎంతసేపు పట్టుకుంటనో నాకే తెల్వది."

"దయచేసి తాడును వదలండి" అని మిషను మళ్ళీ చెప్పింది. ఈదమ్మ కుడిచేత్తో కొంగు సర్దుకుని, తాడు వదలకుండానే బండ మీద కూర్చుంది.